కప్పలు ఆగే చోటు

మా అక్కకు చూపు లేదు గానీ, క్వారీ గుంట అంచు ఎక్కడుందో మా వరస ఇళ్ళల్లో కళ్ళున్న వాళ్ళందరికంటే తనకే బాగా తెలుసు. కప్పలు చెప్పేవి.

అదెలాగో చెబుతాను. మా ఇళ్ళ వెనక, రాయి కొట్టీ కొట్టీ ఇక పనికిరాదని వదిలేసిన పెద్ద గొయ్యి ఉంది. వాన నీళ్ళు చేరి గుంటయింది. అంచు గోడలా నిట్టనిలువు. ఒక్క చోట మాత్రం నీళ్ళకు సమానంగా పలక బండ ఒకటి, దానికో ఇనుప కడియం. రాళ్ళు మోసే రోజుల్లో ఏదో కట్టుకోవడానికి దిగేసి ఉంటారు. ఆ గుంట నిండా బొటనవేలంత చిట్టి కప్పలు ఉండేవి. పొద్దు వాలితే చాలు, గజ్జెలు గుప్పిట్లో పోసి ఊపినట్టు ఒకటే మోత. మనిషి అడుగు దగ్గరైతే ఠక్కున నోరు మూసేవి. అంచు ఇంకో పది అడుగులు ఉందనగా మూసేవి. ఎవరో గీత గీసి, దాటితే ఊరుకోమని చెప్పినట్టు.

అక్క పేము కుర్చీలు అల్లేది. ఇరవై రెండో ఏట జ్వరం తగిలి చూపు పోయింది. ఆ తరువాత ఏడాదికే ఆ పని నేర్చుకుంది. పేము బద్ద నాననిదే వంగదు. సాయంత్రం గుంటలో నానేసి పొద్దున తీసుకోవాలి. ఆ కట్ట రెండు చేతులా ఎత్తుకుంటే ఇక చేతికర్రకు చోటేదీ? మోత వినబడినంతసేపూ బింకంగా నడిచేది. మోత ఆగగానే ఆగేది. అక్కణ్ణించి పాదం తడుముకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ, బొటనవేలికి బండ చల్లగా తగిలాక వంగి, కట్టను కడియానికి కట్టి వచ్చేది.

"ఇంటి నుంచి బండదాకా తాడు కడతానే, పట్టుకుని నడువు" అని నేను ఎన్నిసార్లు అన్నానో.

"నేనేమన్నా గేదెనా తాడు కట్టడానికి?"

"గేదె అయితే పాలన్నా ఇచ్చేది."

"నువ్వు పెట్టే గడ్డికి పాలు కూడానా, బుడ్డీ?"

నా పేరు బుడ్డి కాదు లెండి. చిన్నప్పుడు పొట్టిగా ఉండేదాన్నని అక్క పెట్టింది, జుట్టు తెల్లబడ్డా అదే పిలుపు. రోజంతా ఒకరి చెయ్యో ఒకరి మాటో పట్టుకుని బతికే మనిషికి ఆ సాయంత్రం నడక ఒక్కటే సొంతం. వెళ్ళి వచ్చాక గుమ్మంలో నిలబడి, "పోయొచ్చాను" అనేది. ఏదో దేశం గెలిచి వచ్చినట్టు. ఆ నడకను తన నుంచి లాక్కున్నది నేను. అందుకే ఇదంతా చెప్పుకొస్తున్నాను.

మాకు కొండ అడ్డం. కొండకు అవతల పట్నం, పట్నానికి రేవు. ఎక్కడి నుంచో వచ్చిన దుంగల ఓడలో, దుంగల సందుల్లో దూరి అరచేతి లావు కప్పలు దిగాయట. ఒళ్ళంతా పొక్కులు, చెవుల వెనక విషం సంచులు. వాటిని కరిచిన కుక్క నురగ కక్కేది. అందరూ వాటిని ఓడ కప్పలు అనేవారు. పదేళ్ళలో అటువైపు వాగులూ తోటలూ వాటి సొంతమైపోయాయి. కొండ దాటి మా వైపు మాత్రం రాలేదు.

పట్నంలో వాటి మీద చదువు చదివే చోట నేను డబ్బాలు కడిగే పనికి కుదిరాను. రోజూ పొద్దున బస్సెక్కి కొండ దాటడం, సాయంత్రం తిరిగి రావడం. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. సూదులు వేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. సన్నగా, ఎప్పుడూ మెడలో గడియారం ఒకటి వేలాడేసుకుని, భోజనం సంగతి మరిచిపోయే మనిషి. నేనే గుర్తు చేసేదాన్ని.

ఆవిడ పనేమిటంటే కప్పల గుణం కనిపెట్టడం.

"కప్పకు గుణమేంటమ్మా, చోద్యం కాకపోతే!" అన్నాను మొదట్లో.

"ఎందుకుండదు? మనుషుల్లో తెగించేవాళ్ళూ, భయపడేవాళ్ళూ లేరూ? వీటిలోనూ అంతే. కొత్త చోటికి ముందు పోయేది తెగించేదే. ఏవి ఎలాంటివో తెలిస్తే, కొండ దాటేవి ఎలా ఉంటాయో తెలుస్తుంది."

"అయితే మా ఆయన్ని ఏ లెక్కలో వేసేవారో."

"మీ ఆయన ఎలాంటివారు?"

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఎక్కడ పెట్టి చూస్తారో దాన్ని బట్టి ఉండేవాడు, పుణ్యాత్ముడు."

ఆవిడ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే గుండెలో ముల్లులా ఉంటుంది. ఉన్న మాటంతా నా నోట్లోంచి అప్పుడే వచ్చేసింది, ఇద్దరం నవ్వి పారేశాం.

ఆవిడ చూసే తీరు ఇదీ. తెల్లటి పెద్ద పెట్టె. ఒక మూల బోర్లించిన మట్టి మూకుడు, దానికి గుమ్మంలా పగులు. ఒక కప్పను మూకుడు కింద పెట్టి, గడియారం నొక్కి, పక్కకు తప్పుకునేది. కప్ప బయటకు వస్తే ఎన్నో నిమిషానికి వచ్చిందో రాసుకునేది. పది నిమిషాలు చూసినా రాకపోతే పిరికిది అని గీత. ఒక్కో కప్పకు నాలుగుసార్లు ఇదే తంతు.

నాకు అంకెలు బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కుంటాను. నలభై ఒకటో నంబరు డబ్బాలో కప్ప నాలుగుసార్లూ బయటకు రాలేదు. పగుల్లోంచి ముక్కు పెట్టి చూసేది, మళ్ళీ లోపలికి. చుట్టాలింట్లో రెండోసారి వడ్డించమని అడగలేని దానిలా. దానికి మొహమాటం అని పేరు పెట్టాను.

"ఇలాంటివి కొండ దాటడం కాదు, మూకుడు కూడా దాటవు" అంది డాక్టరమ్మ. ఆ మాట నా చెవుల్లో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఏ డబ్బాలో కప్ప ఆ డబ్బాలోనే ఉండాలి, రెండింటిని కలపకూడదు. చేరిన రోజు నాకు చెప్పిన మొట్టమొదటి మాట అదే. కానీ డబ్బా కడగాలంటే కప్పను ఎక్కడో దింపాలి కదా? ఖాళీ డబ్బా తెచ్చి, తడి స్పాంజి వేసి, అందులో దింపి, కడిగి, మళ్ళీ మార్చి... అరవై డబ్బాలకు అలా చేస్తే నా బస్సు నన్ను వదిలేసి పోతుంది. అందుకని పక్క డబ్బాలో దింపేదాన్ని. పావుగంటే కదా, ఎవరికి తెలుస్తుంది?

మొహమాటాన్ని ఒకరోజు పదిహేడో నంబరు డబ్బాలో దింపాను. పదిహేడు కూడా పిరికిదే, దానికీ నాలుగు గీతలు. నేను చేతులు తుడుచుకుని చూద్దును కదా, రెండూ డబ్బాలో దాక్కోవడానికి పెట్టిన మూకుడు వదిలేసి నడిమధ్య కూర్చున్నాయి, ఒళ్ళూ ఒళ్ళూ ఆనించుకుని. పురుగులు వేస్తే మొహమాటం రెండోదాని తల మీద కాలేసి ఎక్కి మరీ అందుకుంది! నా చెయ్యి లోపల ఉన్నా లక్ష్యపెట్టలేదు. "ఓసి నీ మొహమాటం మండా" అనుకున్నాను. ఒకసారి కాదు, ఆ తరువాత పదిసార్లు చూశాను. విడివిడిగా ఉంటే మూకుడు కింద నక్కేవే, జతగా ఉంటే రాజ్యం ఏలేవి.

డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే, కలపవద్దంటే ఎందుకు కలిపావు అంటుంది. తిట్లు ఎవరికి కావాలి?

చూడడం అయిపోయిన కప్పల్ని వదలడానికి వీల్లేదు, పరాయి కప్పలు కదా. ముందు ఫ్రిజ్‌లో పెట్టేవారు, తరువాత మంచు గడ్డకట్టే పెట్టెలో. మోసుకెళ్ళి పెట్టే పని నాది.

"చల్లదనానికి ముందు నిద్రపోతాయి. నిద్రలోనే పోతాయి. నొప్పి ఉండదు" అంది డాక్టరమ్మ నా మొహం చూసి.

"మీకెవరు చెప్పారమ్మా? అవి చెప్పాయా?"

ఆవిడ గడియారం మెడలోంచి తీసి జేబులో వేసుకుంది.

నలభై ఒకటి వంతు వచ్చింది. పట్టుకుంటే ముందు కాలు నా చిటికెన వేలి మీద వేసింది. కప్పకు ప్రేమలుంటాయని అననులే, పట్టు కోసం వేసి ఉంటుంది. నాకు మాత్రం చెయ్యి రాలేదు. ఎటూ కదలని జీవి, ఒకరి జోలికి పోని జీవి, మా ఇంటి వెనక ఓ మూల పడుంటే ఎవరికి నష్టం? క్యారేజీ అడుగు గిన్నె ఖాళీ చేసి, తడి గుడ్డ వేసి, దాన్ని కూర్చోబెట్టాను.

గేటు దగ్గర కావలి ముసలాయన ఆపాడు. "ఏంటమ్మా, పొద్దున తేలిగ్గా తెచ్చిన క్యారేజీ సాయంత్రం బరువుగా పోతోంది?"

"నీ తలకాయ ఉందిలే అందులో."

"అయితే భద్రంగా పట్టుకుపో. ఇంట్లో మా ఆవిడ దాంతోనే రోజూ వేగుతోంది."

అలా నవ్వుకుంటూనే ఆ కప్ప కొండ దాటింది. వాగులు ఈదలేదు, గెంతుకుంటూ రాలేదు. బస్సు టిక్కెట్టు నాది, ఒళ్ళు నాది, ఒళ్ళో క్యారేజీ నాది.

మా ఇంటి వెనక బట్టలుతికే బండ ఉంది. దాని కింద పగిలిన మూకుడు ఒకటి బోర్లించి, అందులో పెట్టాను. చీకటి పడకముందే అక్క అడిగింది.

"బండ కింద ఎవరే?"

"ఎవరూ లేరు."

"ఊపిరి వినిపిస్తోంది."

"ఎలక అయ్యుంటుంది."

"ఊఁ" అంది. అంతే. పేము బద్ద చేతుల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది.

నాలుగు నెలలు ఉంది మొహమాటం ఆ మూకుడు కింద. నేను పురుగు విసిరితే తినడం, ముక్కు లోపలికి పెట్టుకోవడం. వాన పడ్డా అడుగు బయటపెట్టలేదు. డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజమే అనుకున్నాను. చూసింది మరిచిపోయి విన్నది నమ్మాను. కానీ రోజూ ఆ ముక్కు చూస్తుంటే జాలేసేది. ఆ మూకుడు కింద ఒక్కటే. నేనూ అక్కా ఒకరికొకరం ఉన్నాం కదా, అది రోజూ ఎవరి మొహం చూస్తుంది?

పదిహేడో నంబరు వంతు వచ్చిన రోజు, దాన్ని కూడా క్యారేజీలో వేసుకొచ్చాను.

తోడు. ఎంత మంచి మాట! ఎవరికైనా తోడు దొరికిందంటే సంతోషిస్తాం. ఆడో మగో నేనేం చూశాను? మూకుడు ఎత్తి, పక్కపక్కన కూర్చోబెట్టి, ఆ పూట కడుపునిండా తిన్నాను.

మూడో రోజు పొద్దున మూకుడు కింద ఎవరూ లేరు.

గోడ వారంతా వెతికాను, కాలవ వెతికాను. తడి మట్టిలో రెండు జతల గుర్తులు, పక్కపక్కనే, గుంట దారి పట్టి ఉన్నాయి. ఆ పొద్దునే బస్సు దిగి డాక్టరమ్మ కాళ్ళ మీద పడి చెప్పి ఉంటే, నలుగురు వచ్చి పట్టుకునేవారు. రెండే రెండు కదా. చెప్పలేదు. పిరికివే, ఎక్కడికి పోతాయిలే, ఏ రాయి కిందో నక్కి ఉంటాయిలే అనుకున్నాను. అసలు పిరికిదాన్ని నేను. నాకు గీత పెట్టేవాళ్ళు లేక.

వానలు వచ్చాయి. గుంటలో పలక బండ పక్కన, నాచులో, నల్లపూసలు దారానికి గుచ్చినట్టు పొడుగ్గా గుడ్ల దండలు. అవేమిటో నాకు తెలుసు, డబ్బాల్లో చూసినవే. కర్ర పెట్టి లాగాను. మూర తరువాత మూర వస్తూనే ఉంది, బావిలోంచి చేద తాడు లాగుతున్నట్టు.

"నీళ్ళలో ఏం చేస్తున్నావే?" వెనక నుంచి అక్క. పేము కట్ట ఎత్తుకుని, పది అడుగుల దూరంలో ఆగి ఉంది.

"నాచు తీస్తున్నా. జారిపడతావని."

"నాచు వాసన కాదే ఇది."

"నీ ముక్కుకు అన్నీ వేరే వాసనలే."

తీసిన దండలు బండ మీద ఎండగట్టాను. తియ్యనివి ఎన్ని ఉన్నాయో నీళ్ళకే తెలియాలి.

ఆ మరుసటి ఏడు మొదలైంది ఆ మోత. గజ్జెల మోత కాదు. పాత మోటారు ఆన్ చేసి మరిచిపోయినట్టు, ఆగకుండా, ఎగుడు దిగుడు లేకుండా, ఒకటే గుర్ర్ అని.

"ఎవరే గుంటకు మోటారు పెట్టించారు?" అంది అక్క.

"ఎవరో నీళ్ళు తోడుకుంటున్నారు."

"రోజూనా?"

"వాళ్ళ అవసరం."

చిట్టి కప్పలు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చాయి. నాకంటే ముందు అక్కకే తెలిసింది. తను వాటిని వాళ్ళు, వీళ్ళు అనేది, ఇరుగు పొరుగు వాళ్ళన్నట్టు. "ఎడమ పక్క వాళ్ళు వారం రోజులుగా పలకడం లేదు బుడ్డీ" అనేది. "చుట్టాలింటికి పోయారేమో" అని నవ్వించబోయేదాన్ని. తరువాత రెల్లు దగ్గర వాళ్ళు పోయారు. ఆ తరువాత, "ఇవాళ ముగ్గురే ఉన్నారు" అంది. ఆ ముగ్గురూ ఆగితే తనూ ఆగుతోంది.

"ఇక నుంచి పేము నేను నానేస్తానే" అన్నాను.

"ఎందుకు?"

"నీకు వయసు మీద పడుతోంది."

"నీకు మీద పడడం లేదా? కళ్ళు పోయాయి, సరే. వంట నీది, బజారు నీది, పెత్తనం నీది. కాళ్ళు కూడా నీకే ఇచ్చెయ్యమంటావా?"

అప్పుడైనా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే నడక మానేస్తుంది. మానేసిందంటే, ఎవరివల్ల మానేసిందో తెలిసిపోతుంది. దాని బదులు దొంగలా వెనకే నడిచేదాన్ని, చెప్పులు విడిచి, ఇరవై అడుగుల దూరంలో. రెండో రోజే పట్టేసింది. వెనక్కి తిరగకుండానే, "ఆ వెనక వచ్చేవాళ్ళు ఎవరో గానీ ఇంటికి పోయి పొయ్యి మీదది చూసుకుంటే మంచిది, మాడువాసన వస్తోంది" అంది. నిజంగానే మాడింది.

తరువాత ఒకరోజు కొండ మీద బస్సు చెడిపోయింది. నేను దిగేసరికి పొద్దు పూర్తిగా వాలిపోతోంది. సందు మలుపు తిరగగానే దూరంగా అక్క వీపు కనిపించింది, రెండు చేతుల్లో కట్ట, తల నిటారుగా. గుంట మీద మోటారు మోత. దాని అడుగున గజ్జెల మోత వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఒక్కటి కూడా లేదు. ముగ్గురూ పోయారు.

అక్క నడుస్తోంది. గజ్జెలు ఆ హోరులో కలిసిపోయాయనుకుందేమో, మోత ఆగాలి కదా అని నడుస్తోంది. అంచు పది అడుగుల్లో ఉంది. మోత ఆగలేదు. ఆ ఓడ కప్పలకు మనిషంటే భయం లేదు. మనిషి వచ్చినా పోయినా వాటికి ఒకటే.

"అక్కా, ఆగు!" అని అరిచాను. ఆ మోతలో నా గొంతు తనదాకా పోలేదు.

నీళ్ళ చప్పుడు వినిపించింది. అంత పెద్ద చప్పుడుకు కూడా అవి ఆగలేదు.

పేము తేలుతుంది, అదొక్కటే మా అదృష్టం. కట్టను వాటేసుకుని, గడ్డం ఎత్తి పెట్టుకుని, నీళ్ళలో అలాగే ఉంది. కేక వెయ్యలేదు. బండ మీద బోర్లా పడుకుని కట్ట కొస పట్టుకుని లాగాను. ఎలా లాగానో నాకే తెలియదు. చలికి అక్క పళ్ళు టకటకలాడుతున్నాయి. బండ మీద కూర్చోబెట్టాక మొదటి మాట ఇదీ:

"వాళ్ళు ఆగలేదే, బుడ్డీ."

అక్కడే, ఆ తడి బండ మీదే, అంతా చెప్పేశాను. నలభై ఒకటి, పదిహేడు, క్యారేజీ, మూకుడు, గుడ్ల దండలు, మోటారు. చెబుతుంటే మా చుట్టూ అవే కూర్చుని ఉన్నాయి, బండ మీదా, గట్టు మీదా, జతలు జతలుగా, ఆనుకుని. ఒకటి నా పాదానికి మూరెడు దూరంలో ఉంది. కదలలేదు.

అక్క చీర కొంగు పిండుకుంది. మళ్ళీ పిండుకుంది.

"ఎలక ఊపిరి నాకు తెలియదనుకున్నావా?" అంది చివరికి. "ఆ రోజే తెలుసు, అది ఎలక కాదని. నువ్వే చెబుతావులే అని చూశాను. ఎన్నాళ్ళకు చెబుతావో అని చూస్తూ ఉన్నాను."

"అక్కా..."

"ఇంటికి తీసుకెళ్ళు. చెయ్యి ఇవ్వు."

చెయ్యి ఇవ్వు అని మా అక్క ఆ దారిలో అడగడం అదే మొదటిసారి.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. ఏదీ దాచలేదు. కప్పల్ని కలిపి డబ్బాలు కడిగిన సంగతి కూడా. ఆవిడ కోప్పడలేదు. లేచి వెళ్ళి, నాలుగేసి గీతలున్న పిరికివాటిని రెండింటిని తెచ్చి, ఒకే మూకుడు కింద పెట్టి, గడియారం నొక్కింది. ఒక్క నిమిషం పట్టలేదు. ముందొకటి, వెనకొకటి, పెట్టె నడిమధ్యకు వచ్చి కూర్చున్నాయి. ఆవిడ గడియారం ఆపడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

"మేమెప్పుడూ ఒక్కోదాన్నే పెట్టి చూశాం" అంది. "నాలుగేళ్ళు, ఒక్కోదాన్నే."

"మా ఆయన సంగతి చెప్పాను కదమ్మా" అన్నాను. ఈసారి ఎవరం నవ్వలేదు.

మనుషులు వచ్చారు, వలలు, గోనె సంచులు, లైట్లు తెచ్చారు. బస్తాలకు బస్తాలు పట్టారు. ఎండాకాలంలో వచ్చారు, వానాకాలంలో వచ్చారు. మోత తగ్గేది, మళ్ళీ పెరిగేది. చిట్టి కప్ప ఒక్కటి తిరిగి రాలేదు.

అక్క ఆపైన గుంటకు పోలేదు. నేను పెద్ద తొట్టి కొని ఇంట్లోనే పెడితే, అందులో పేము నానేసుకునేది. గది మూల, గోడకు ఆనుకుని, ముక్కు ఒక్కటి కిటికీ వైపు పెట్టి అల్లుకుంటూ కూర్చునేది. ఆ ముక్కు చూసినప్పుడల్లా నాకు బండ కింద మూకుడు గుర్తొచ్చేది. నన్ను తిట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. కాకపోతే రోజూ పొద్దు వాలే వేళకు, చేతిలో పని ఆపి, తల వంచి, ఒకటే అడిగేది:

"ఆగాయా?"

నేను పని వదిలేసి గుంటదాకా పోయి వచ్చేదాన్ని. నేల దద్దరిల్లేట్టు కాళ్ళు దబదబా బాదేదాన్ని. చప్పట్లు కొట్టేదాన్ని. రాళ్ళు విసిరేదాన్ని. అవి నన్ను చూస్తూ అలాగే మోగుతూ ఉండేవి. ఇంటికొచ్చి, "లేదే" అనేదాన్ని. ఇంట్లోకి వినబడుతూనే ఉంటుంది కదా ఆ మోత, తనకు తెలియదా? అయినా అడిగేది. ఆరేళ్ళు అడిగింది. నాకు వేసిన శిక్షో, లేక నిజంగానే ఆశో, ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

చలికాలంలో ఒక తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే పోయింది, నొప్పి తెలిసి ఉండదు అన్నారు చూసిన వాళ్ళు. వాళ్ళకెవరు చెప్పారు అనుకున్నాను.

సగం అల్లిన కుర్చీ ఒకటి మిగిలిపోయింది. సీటు అయింది, వీపు కాలేదు. రోజూ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాను. ఒకరోజు, పోనీ నేనే పూర్తి చేద్దాం అనిపించింది. తొట్టి పగిలి మూలన పడుంది. పేము కట్ట రెండు చేతులా ఎత్తుకుని, పొద్దు వాలుతుంటే గుంట దారి పట్టాను. ఆ కట్ట అంత బరువుంటుందని ఎన్నడూ అనుకోలేదు. మొహానికి అడ్డం, ముందేముందో కనబడదు. కళ్ళున్నా లేనట్టే. ముందు మోత, అదే మోటారు, అదే గుర్ర్.

దారిలో కూలిన గోడ ఒకటి ఉంది, దాని దగ్గరికి వచ్చాను. అక్కణ్ణించి అంచుకు నలభై అడుగులు ఉంటుంది.

మోత ఆగింది.

తగ్గడం కాదు. ఒక్కసారిగా, అన్నీ, మూకుమ్మడిగా నోరు మూశాయి. చెవుల్లో నా నెత్తురు చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇన్నేళ్ళలో నా కోసం అవి ఒక్క క్షణం ఆగలేదు. రాళ్ళు వేసినా ఆగలేదు. మనుషులు సంచులతో దిగినా ఆగలేదు. నేను ఇంకా నలభై అడుగుల దూరంలో ఉన్నాను. అవి ఆగింది నా అడుగుకు కాదు. ఎవరో అంచుకు పది అడుగుల్లోకి వెళ్ళారు.

కట్ట పక్కకు జరిపి చూశాను. దారి ఖాళీ. బండ ఖాళీ. గట్టు మీద ఓడ కప్పలు వరసగా కూర్చుని ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తిరిగి, బండ వైపు, గొంతు సంచులు ముడుచుకుని.

ఎవరో పాదం తడుముకుంటూ వెళ్ళేంతసేపు గడిచింది. ఒకటి, రెండు, మూడు... పది దాకా నేనే లెక్కపెట్టాను. అప్పుడు బండ దగ్గర కడియం ఇనుప చప్పుడు చేసింది, ఒక్కసారి, తాడు దూర్చినప్పుడు చేసేట్టు.

నాకు భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. ఇక అబద్ధాలు ఆడదలచుకోలేదు. పరుగెత్తుకుని ఇంటికి పోదామనుకున్నాను. కానీ ఆరేళ్ళు రోజూ అడిగిన ప్రశ్నకు జవాబు నా నోట్లో ఉంది. చెప్పకుండా పోవడం ఒకసారి చేశాను, చాలు.

"ఆగాయే అక్కా" అన్నాను. గట్టిగానే అన్నాను.

కప్పలు ఇంకా నోరు మూసుకునే ఉన్నాయి.

అది సన్నటి దారి, ఇద్దరు పట్టరు. తిరిగి వచ్చేవాళ్ళకు అడ్డం ఉండకూడదని, కట్ట గుండెలకు అదుముకుని, గడ్డిలోకి జరిగి నిలబడ్డాను.